గ్యారేజీలో పచ్చదీపం

"శనివారం సాయంత్రం ఆ లైటు ఏ రంగులో ఉంది?"

అనియేలా తలెత్తి చూసింది. లాకప్‌లో ఒక రాత్రి గడిపిన మనిషి. పాతికేళ్ళు నిండలేదు. మేనమామను ఎందుకు చంపావు, నిద్రమాత్రలు ఎక్కడివి, ఫ్లాటు ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్నలు నిన్నటి నుంచీ విని విని రాటుదేలిపోయింది గాని, ఎవరైనా లైటు రంగు అడుగుతారని మాత్రం అనుకోలేదు.

"పచ్చ" అంది.

"బాగా చూశావా?"

"నేను కాదండీ, కలీనా చూసింది. రోజూ అదే చూస్తుంది. గ్యారేజీ తలుపు కింద జాలీ ఉంటుంది కదా, వంగి అందులోంచి చూసొచ్చి 'తాతా, పచ్చ' అని చెప్పాలి. దాని ఉద్యోగం అది." కూతురి పేరెత్తగానే ఆమె చూపు తలుపు వైపు తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ కార్పా తన ముందున్న టీ గ్లాసును ఆమె వైపు జరిపాడు. ఆమె తాగలేదు. రెండు చేతులూ దాని చుట్టూ చుట్టి ఊరుకుంది. బయట సున్నాకి ఇరవై నాలుగు డిగ్రీలు దిగువన గడ్డకట్టే చలి. సువావ్కి ఊరివాళ్ళకది జనవరిలో మామూలే.

ఆదివారం తెల్లవారి అనియేలా కేకలు విని చుట్టుపక్కలవాళ్ళు ఫోను చేస్తే, ఆ గ్యారేజీకి ముందుగా వెళ్ళింది కార్పాయే. రిటైరైన రైలు డ్రైవరు కోన్‌స్తాంతి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే తన పాత వర్షావా కారులో, స్టీరింగు మీద తల వాల్చి, కొయ్యబారి ఉన్నాడు. రక్తంలో ఇంజను పొగ విషం, కడుపులో టీ, నిద్రమాత్రలు. కారు తాళం తిప్పి ఉంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. హీటరు ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది. దాన్ని కార్పా తన చేత్తోనే ఆపాడు. అప్పుడు గోడ వైపు చూస్తే చిన్న పచ్చదీపం. ఆ దీపమే అతన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

"ఆ దీపం వెలిగే డబ్బాని మీ మామయ్య ఏమనేవాడు?"

"సెలైన్ అనేవాడు. గ్యారేజీల వరసలో అందరూ అదే అంటారు. చలికాలమంతా బ్యాటరీకి చుక్క చుక్కగా కరెంటెక్కిస్తుందట. ఆకలిగా ఉంటే ఎర్ర లైటు, కడుపు నిండితే పచ్చ."

"బ్యాటరీ కారులోనే ఉంచేవాడా?"

"అయ్యో, లేదండీ! మొదటి మంచు పడగానే ఊడదీసి గోడవారన చెక్కపలక మీద పెట్టేవాడు. నేల మీద పెడితే సిమెంటు కరెంటు పీల్చేస్తుందట." మొహం మీదికి నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. "నన్ను నేల మీద కూర్చోబెట్టినా పట్టించుకోడు గాని, దానికి మాత్రం పీట వెయ్యాలి."

"శనివారం?"

"మధ్యాహ్నం ఫ్లాస్కులో టీ నింపిచ్చాను, తీసుకుని కిందికి దిగాడు. శనివారం రాత్రిళ్ళు రైల్వే వాళ్ళతో పేకాట, తెల్లారిగాని రాడు. అందుకే నేను వెతకలేదు." ఆమె గ్లాసును అరచేతుల మధ్య తిప్పింది. "చీకటిపడే వేళ కలీనా వెళ్ళి చూసొచ్చింది. లైటు పచ్చ, తాత టీ తాగుతున్నాడు అంది. ఫ్లాస్కు నేనే ఇచ్చాను కదా, సరే అనుకున్నా."

కార్పా ఆ మాటను లోపలే దాచుకున్నాడు. జాలీలోంచి గోడ అడుగున ఉన్న దీపం కనిపిస్తుంది. కారులో కూర్చున్న మనిషి చేతిలోని టీ కనిపిస్తుందా?

"పాప ఇప్పుడెక్కడుంది?"

"గ్యారేజీల సంఘం అధ్యక్షుడు సెవెరిన్ గారింట్లో. ఆయన భార్య బ్రోన్యా మామ్మ నిన్న వచ్చి ఎత్తుకెళ్ళింది. మిగతావాళ్ళు నన్ను చూసి తలుపులేసుకున్నారండీ. ఆవిడొక్కతే వచ్చింది."

తలుపు భళ్ళున తెరుచుకుంది. ప్రాసిక్యూటర్ స్రోకా. వయసు ముప్పై అయిదు, పాలిష్ తగ్గని బూట్లు, మంచు అంటని కోటు.

"కార్పా గారూ, తలుపు అవతల నుంచి వింటున్నాను. పచ్చ, ఎరుపు, పచ్చ... మీరు హంతకురాలిని విచారిస్తున్నారా, ట్రాఫిక్ సిగ్నలుకి కాపలా కాస్తున్నారా?"

"రెండింటిలోనూ తప్పు రంగు చూస్తే మనిషి పోతాడు, సార్."

"గ్యారేజీకి తాళంచెవులు రెండు. ఒకటి శవం జేబులో, రెండోది ఈవిడ దగ్గర. ఫ్లాస్కు మీద ఈవిడ వేలిముద్రలు. ఫ్లాటు ఈవిడకి. ఇంకేం కావాలి?"

"ఫ్లాస్కులో మందు ఉందని తేలిందా?"

"తేలుతుంది. పన్నెండింటికి సంతకం పెడతాను, ఒంటిగంటకు కోర్టు. పిల్లని ప్రభుత్వ హోముకి పంపడానికి చెప్పేశాను."

అనియేలా చేతుల్లో గ్లాసు ఒరిగి టీ బల్ల మీద పారింది. "సార్, నన్నేమైనా చెయ్యండి. దాన్ని హోముకి వద్దు. నేను అక్కడే పెరిగాను సార్. మామయ్య వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే ఉన్నాను."

స్రోకా గోడ వైపు చూశాడు. కార్పా రుమాలు తీసి టీ తుడిచాడు.

"పన్నెండుకి ఇంకా రెండు గంటలుంది" అన్నాడు. "గ్యారేజీ ఇంకోసారి చూడాలి."

"నవంబరులో సమాధుల పండగనాడు పూలమ్మే ఆవిణ్ణి కారుతో గుద్ది పారిపోయినవాడి కోసం మూడు నెలలుగా చూస్తూనే ఉన్నారు. పగిలిన హెడ్‌లైటు ముక్కలు మీ సొరుగులో ఊరగాయలా ఊరుతున్నాయి. దీన్నీ జాడీలో పెడతారా?"

కార్పా కోటు తొడుక్కున్నాడు. స్రోకా అన్నది నిజమే.

*

పోలీసు సీలు తీసేటప్పుడు ఊరివాళ్ళలో ఒకరు సాక్షిగా ఉండాలి. సెవెరిన్ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, చెవుల మీదికి లాక్కున్న బొచ్చు టోపీ, మందపాటి కళ్ళద్దాలు.

"కోస్తెక్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడు, బాబూ" అన్నాడు, కోన్‌స్తాంతిని వరసలో అందరూ పిలిచే ముద్దుపేరుతో. "వరసలో ఎవడి సెలైన్ లైటు ఆరినా ముందు వాడే పరిగెత్తేవాడు."

లోపల గాలి కూడా గడ్డకట్టినట్టుంది. కార్పా బానెట్ ఎత్తాడు. బ్యాటరీ కారులోనే ఉంది. రెండు కొనలకూ వాసెలిన్ నున్నగా, పల్చగా రాసి ఉంది. దాని మీద ధూళి రేణువు లేదు. ఎర్ర క్లిప్పు ఎర్ర కొనకి, నల్ల క్లిప్పు బండి ఇనుముకి, శ్రద్ధగా పట్టించి ఉన్నాయి. తీగ గోడమీది నల్ల డబ్బా దాకా పోయింది. దీపం పచ్చ. చెక్కపలకను తుడిచి, మేకుకు తగిలించారు.

"జనవరిలో ఆయన బ్యాటరీ కారులో పెట్టేవాడా, పెద్దాయనా?"

"పిచ్చా, వెర్రా? మే నెలలో మొదటి పెళ్ళి బేరం వచ్చేదాకా దాన్ని పలక మీంచి కదపడు!" అనేసి, సెవెరిన్ ఠక్కున నోరు మూసుకున్నాడు.

కార్పా అది విననట్టే వంగి క్లిప్పు చూశాడు. అతని నాన్నకూ ఇలాంటి గ్యారేజీ ఉండేది. బ్యాటరీ బిగించాక కొనలకి వాసెలిన్ రాయకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. చలికాలంలో బ్యాటరీని తాకినవాడు సెలైన్ మళ్ళీ తగిలించకుండా పోవడమంటే, పసిబిడ్డకు దుప్పటి తీసి వదిలేసి పోవడమే వాళ్ళ లెక్కలో.

"ఇక్కడ పనయ్యాక మీ ఇంటికే వస్తాను" అన్నాడు. "పాపతో మాట్లాడాలి. శనివారం సాయంత్రం తాత టీ తాగుతుంటే చూసిందట. ఎక్కడ చూసిందో అడగాలి."

సెవెరిన్ చేతిలోని సీలు తీగ కిందపడింది. వంగి తీసుకోలేదు.

"కలీనా చూసిందా?" అన్నాడు మెల్లగా. "ఆ మాట... ఇంకెవరికైనా చెప్పిందా?"

"వాళ్ళమ్మకి. ఏం?"

"ఏం లేదు బాబూ. చలి. మీకు వేడిగా ఏమైనా పట్టుకొస్తాను." ఆ వయసు మనిషి మంచులో అంత వేగంగా నడవగలడని కార్పా అనుకోలేదు.

అతను మలుపు తిరుగుతుండగానే స్రోకా కారు వచ్చి ఆగింది.

"దొరికిందా మీ పచ్చదీపం?"

"రండి సార్. ఒక్క సిగరెట్టు కాల్చేంత సేపు ఇక్కడ నిలబడండి." కార్పా కారు తాళం తిప్పి హీటరు ఫ్యాను వేశాడు. అది మూలుగుతూ తిరగసాగింది. "ఆదివారం పొద్దున నేనొచ్చేసరికి ఇది ఇలాగే తిరుగుతోంది. మీ లెక్క ప్రకారం శనివారం రాత్రి ఇంజను నడిచింది, పెట్రోలు అయిపోయి ఆగింది, తాళమూ ఫ్యానూ అలాగే ఉండిపోయాయి. అవునా?"

"అవును."

"ఇక దీపాన్ని చూస్తూ ఉండండి."

స్రోకా సిగరెట్టు వెలిగించాడు. సగం కాలకముందే గోడమీద పచ్చ మిణుకుమంది, ఆరింది, ఎర్రగా వెలిగింది. ఫ్యాను మింగేదంతా ఇది పొయ్యలేదు. ఇది ఇచ్చేది చుక్కలు, అది తాగేది చెంబులు.

"రాత్రంతా తిరిగి ఉంటే ఆదివారం ఇది ఎర్రగా ఉండాలి, ఫ్యాను చచ్చిపోయి ఉండాలి" అన్నాడు కార్పా. "పచ్చగా ఉంది. అంటే, నేను రావడానికి కాస్త ముందు ఎవరో వేశారు. ఈ ఇంజను తిరగనే లేదు."

"ట్యాంకు ఖాళీ కదా?"

"పెట్రోలు లాగెయ్యడానికి రబ్బరు గొట్టం చాలు."

"మరి పొగ? రక్తం నిండా పొగేనని డాక్టరు రాసిచ్చాడు!"

"వేరే ఇంజను పొగ. వేరే చోట. తరవాత మోసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఈ వరసలో బ్యాటరీలు లాగడానికి ప్రతివాడికీ మంచు మీద జారే స్లెడ్జి బండి ఒకటి ఉంది."

స్రోకా బూటుతో సిగరెట్టు నలిపాడు. "ఆ అమ్మాయికే సాయం చేసినవాడు ఇంకొకడు ఉండొచ్చు."

"ఉండొచ్చు. కాని బ్యాటరీ బిగించి, కొనలకి వాసెలిన్ రాసి, సెలైన్ తగిలించి, పలక తుడిచి మేకుకి వేసిన చెయ్యి ఈ వరసలో ముసలిదైన చెయ్యి. శవం పక్కనే ఉన్నా ఆ చేతికి అలవాటు పోలేదు. క్లిప్పు తగిలించకుండా పోయి ఉంటే ఈ దీపం నాకు ఏమీ చెప్పేది కాదు."

స్రోకా మళ్ళీ ఎర్రదీపం వైపు చూశాడు. తరవాత విసుగ్గా, "సరే, ఆ ఇంజను ఎక్కడుంది మరి? బ్యాటరీలన్నీ పీటలెక్కి కూర్చున్నాయంటున్నారుగా?" అన్నాడు.

అది మంచి ప్రశ్నేనని కార్పా ఒప్పుకున్నాడు. ఇద్దరూ బయటికి వచ్చారు. తలుపులన్నీ ఒకే రకం. కింద జాలీ, జాలీకి తెల్లటి మంచు నూగు. కోన్‌స్తాంతి తలుపుదీ తెలుపే. ఇంజను పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఈ చలిలో అది బయటపడ్డ చోటే గడ్డకట్టాలి. కార్పా ఒక్కొక్క తలుపు దగ్గరా వంగుతూ నడిచాడు. ఎదుటి వరసలో తొమ్మిదో తలుపు దగ్గర ఆగిపోయాడు.

దాని జాలీకి నల్లటి మంచు కడ్డీలు వేలాడుతున్నాయి.

"ఇది ఎవరిది?" అన్నాడు స్రోకా.

తలుపు మీద అంకె కింద చిన్న రేకు పలక ఉంది. దాని మీద 'అధ్యక్షుడు' అని రాసి ఉంది.

తాళం పగలగొట్టడానికి స్రోకా కారులోని జాకీ కడ్డీ పనికొచ్చింది. లోపల ముసుగేసిన కారు, దాని పక్కన కుర్చీ. కార్పా ముసుగు లాగాడు. బానెట్ నొక్కుకుపోయింది. కుడివైపు హెడ్‌లైటు పగిలిపోయింది. ఆ పళ్ళలాంటి గాజు అంచులకు తన సొరుగులోని ముక్కలు ఎక్కడెక్కడ అతుకుతాయో అతనికి కంటితోనే తెలిసిపోయింది. మూడు నెలలుగా రోజూ చూస్తున్న ముక్కలు.

"పూలమ్మే ఆవిడ" అన్నాడు స్రోకా, గొంతు తగ్గించి.

"గుద్దిన బండిని అందరి ముందూ బానెట్ ఎత్తి చూపించలేడు. అందుకే బ్యాటరీ బయటికి తియ్యలేదు. సెలైన్ లోపలికే తగిలించాడు. శనివారం క్లిప్పు జారి లైటు ఆరి ఉంటుంది. ఆ మంచిమనిషి కోన్‌స్తాంతి సరిచెయ్యడానికి వచ్చి ముసుగెత్తాడు."

"ఆ ముసలాడు ఎక్కడ?"

అప్పుడు కార్పాకు పాప గుర్తొచ్చింది. ఫోను తీసి సెవెరిన్ ఇంటికి కలిపాడు. బ్రోన్యా మామ్మ గొంతు తేనెలా ఉంది.

"పిల్లా? ఇప్పుడే ఆయనొచ్చి తీసుకెళ్ళాడు నాయనా. దానికి కోటు తొడగడానికైనా ఆగలేదు, ఏమయిందో ఏమో! మీరు రండి, చలిలో నిలబడకండి. స్టవ్ మీద టీ ఉంది."

*

"నేను ఇంటికెళ్ళి ఆవిణ్ణి విచారిస్తాను. మీరు అడుగులు పట్టుకోండి" అన్నాడు స్రోకా. వెళ్ళబోయి ఆగి, "పిల్ల దొరకాలి కార్పా" అన్నాడు. 'గారు' అనడం మరిచాడు. కార్పాకు అతని మీద మొదటిసారి గౌరవం కలిగింది.

మంచులో సెవెరిన్ ఇంటి నుంచి వచ్చిన పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు పక్క సందులోంచి రైలు కట్ట వైపు పోయాయి. కొంతదూరం పోయాక చిన్నవి మాయమయ్యాయి. పెద్దవి లోతుగా దిగాయి. ఎత్తుకున్నాడు. ఎందుకు? నది కట్ట అవతలే ఉంది. గడ్డకట్టిన నదిలో చేపలవాళ్ళు తవ్విన గుంటలుంటాయి. కార్పా పరిగెత్తాడు. చలిగాలి ఊపిరితిత్తుల్లో బ్లేడులా తెగుతోంది.

అడుగులు నది దాకా పోలేదు. రైల్వే గేటు పక్కన కాపలా గది వైపు తిరిగాయి. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. కార్పా పిస్తోలు మీద చెయ్యేసి తలుపు తోశాడు.

సెవెరిన్ పొయ్యి పక్కన బల్ల మీద ఉన్నాడు. కోటు లేదు. ఆ కోటులో చుట్టి ఉన్న కలీనా అతని ఒళ్ళో కూర్చుని గేటు కాపలావాడిచ్చిన రొట్టెముక్క కొరుకుతోంది. బుగ్గలు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. కార్పా వంగి, ఆ బుగ్గని ఒక్కసారి వేలితో తాకి చూసుకున్నాడు.

"పోలీసు స్టేషనుకే బయల్దేరా బాబూ" అన్నాడు సెవెరిన్. "కాళ్ళు సాగలేదు. వాళ్ళమ్మని వదిలెయ్యండి. కోస్తెక్‌ని మోసుకెళ్ళి కారులో పెట్టింది నేనే. సంఘం దగ్గర ప్రతి తలుపుకీ ఒక తాళంచెవి ఉంటుంది."

"చంపిందీ నువ్వేనా?"

అతను కళ్ళద్దాలు తీశాడు. వాటి వెనక కళ్ళు పాలపొర కమ్మినట్టున్నాయి.

"ఈ కళ్ళతో నేను చీకట్లో బండి నడపడం మానేసి నాలుగేళ్ళయింది. సమాధుల పండగనాడు నడిపింది నేను కాదు. శనివారం కోస్తెక్ 'సోమవారంలోగా మీరే పోలీసులకి చెప్పండి, లేకపోతే నేను చెప్తా' అన్నాడు. ఇంటికెళ్ళి బ్రోన్యాకి ఆ మాట చెప్పా. 'పిలువు, కూర్చోబెట్టి మాట్లాడదాం, టీ నేను తెస్తా' అంది. వాడు కుర్చీలో తూగుతుంటే నన్ను ఇంటికి పొమ్మంది. పోయా. నలభై ఏళ్ళుగా పొమ్మంటే పోతూనే ఉన్నా."

కలీనా తలెత్తింది. "నేను చూశా. మామ్మ టీ పట్టుకెళ్ళింది. తాతకి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు."

"దీనికి ఇవ్వాళ ఇవ్వబోయింది" అన్నాడు సెవెరిన్, పిల్ల తల మీద చెయ్యేసి. "మీ మాట విని నేను ఇంటికెళ్ళేసరికి, దీనికి గ్లాసులో టీ పోసి, కోరిందపండ్ల పాకం కలుపుతోంది. 'వెచ్చగా తాగి పడుకో తల్లీ' అంటోంది. తాతకి టీ ఇచ్చిన మాట దీని నోట ముందే విన్నట్టుంది. గ్లాసు చేతిలోంచి లాగేసి, దీన్ని లాక్కుని..."

కార్పా అప్పటికే ఫోను తీశాడు. ముందు అంబులెన్సుకి సెవెరిన్ ఇంటి అడ్రసు చెప్పాడు. తరవాత స్రోకా నంబరు నొక్కాడు. అనియేలా విడుదల మీద సంతకం పెట్టగలిగింది ఆ ఊళ్ళో ఆ ఒక్క చెయ్యే.

చాలాసేపు మోగింది. చివరికి ఎత్తారు.

"కార్పా..." స్రోకా మాట బరువుగా, ఒక్కో అక్షరం వేరువేరుగా వస్తోంది. "ఈ పెద్దావిడ... ఏం తెలీదంటోంది. ఇక్కడ భలే... వెచ్చగా ఉంది."

"సార్! ఏం తాగారు? లేవండి! లేచి తలుపు దగ్గరికి నడవండి, వింటున్నారా?"

అటువైపు గాజు నేల మీద పడి పగిలిన చప్పుడు. కుర్చీ జరిగింది. ఫోను చేతులు మారింది.

"ఇన్‌స్పెక్టర్ బాబూ, నువ్వేనా?" అంది బ్రోన్యా మామ్మ. "ఈయన కాస్త కునుకు తీశాడు, పాపం బాగా అలిసిపోయినట్టున్నాడు. పిల్ల దొరికిందా? తీసుకురా నాయనా. దాని టీ చల్లారిపోతోంది."